అవతలి కుర్రాణ్ణి పొగిడిన అంకుల్

కార్క్ నగరం పక్కనున్న బాలింకాలిగ్‌లో మా ఇంటి వెనక ఉన్న రగ్బీ మైదానాన్ని ఆదివారాలు ఒక అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్బు అద్దెకు తీసుకునేది. ఐర్లాండులో ఆ ఆటకి అభిమానులు ఎంతమందంటే, వాన పడితే అందరం రెండు గొడుగుల కింద సరిపోయేవాళ్లం. అందులో తెలుగువాళ్లం ముగ్గురం: నేను, నా రూమ్మేటు, పక్క వీధి అంకుల్. అంకుల్ కొడుకు ఆ జట్టులో క్వార్టర్‌బ్యాక్. అంటే బంతి చేతికి రాగానే ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాల్సినవాడు. చిక్కేమిటంటే, ఆ చోట ఒకసారికి ఒక్కడే ఆడాలి, జట్టులో మాత్రం అలాంటివాళ్లు ఇద్దరున్నారు. రెండోవాడు ఎర్రజుట్టు ఐరిష్ కుర్రాడు. ఇద్దరికీ ఇంకా ఇరవై నిండలేదు.

వచ్చే ఆదివారం ఫైనల్. ఇవాళ చెరో సగం ఆడిస్తాననీ, బాగా ఆడినవాడికే ఫైనల్లో చోటనీ కోచ్ చెప్పాడు. అంకుల్ కొడుకు రెండేళ్లుగా ఆ చోటు కోసమే బంతి విసురుతున్నాడు.

నా ఓటు వాడికే. వాడి విసురు మరీ దూరం పోదు గానీ, వెళ్లాల్సినవాడి చేతుల్లోకి వెళ్తుంది. రూమ్మేటుది ఐరిష్ కుర్రాడి పక్షం. వాడు విసిరితే బంతి సగం మైదానం దాటుతుంది. ఎవరి చేతుల్లో పడుతుందన్నది వేరే సంగతి అన్నాను. “మామా, హీరో అన్నాక బిల్డప్ ఉండాలి” అన్నాడు. వాడు చెస్ చూసినా ఈలేస్తాడు.

మొదటి సగం ఐరిష్ కుర్రాడిది. ఆట మొదలవగానే అంకుల్ వెళ్లి కోచ్ పక్కన నిలబడి, విసిరిన ప్రతిసారీ ఆహా ఓహో అనడం మొదలుపెట్టాడు. బంతి అవతలి జట్టువాడి చేతిలో పడినప్పుడు కూడా అన్నాడు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. రెండో సగంలో సొంత కొడుకు వరసగా చక్కటి పాస్‌లు వేస్తుంటే మొహం చిట్లించి “యావరేజ్” అన్నాడు. ఇద్దరిలో ఎవరు మేలని కోచ్ అడిగితే, తడుముకోకుండా ఐరిష్ కుర్రాణ్ణి చూపించాడు. కోచ్ అమెరికావాడు. మనిషి ఏది అంటే అదే అనుకుంటున్నాడని నమ్మే రకం.

నేనూ రూమ్మేటూ కుట్ర వెతకడం మొదలుపెట్టాం. కొడుక్కి లీక్స్‌లిప్‌లోని కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చేదాకా బంతి ముట్టనివ్వకూడదని అంకుల్ ప్లానని నేనన్నాను. ఐరిష్ కుర్రాడి నాన్న ఇల్లు అద్దెకిప్పిస్తానని అంకుల్‌కి మాటిచ్చి ఉంటాడని రూమ్మేటు అన్నాడు. ఇక్కడ ఇల్లు దొరకడం ఎంత కష్టమో తెలుసు కాబట్టి ఒక నిమిషం నిజంగానే నమ్మాను.

ఉండబట్టలేక వెళ్లి అడిగేశాను. “అంకుల్, మీవాడు సెలెక్టవడం మీకిష్టం లేదా?”

అంకుల్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “మెల్లగా బాబూ. బయటోళ్ల దిష్టి కంటే కన్నోళ్ల దిష్టే ముందు తగులుద్ది. పోయిన నెల మావాడు అదరగొట్టాడని నోరుజారా, మర్నాడే వాడి మడమ బెణికింది. అందుకే ఇవాళ ఆ పిల్లోణ్ణి పొగుడుతున్నా.”

“అంటే, ఆ పిల్లాడి మడమ బెణకాలనా?”

అంకుల్ వాతావరణం గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఆట అయ్యాక కోచ్ ఇద్దర్నీ పిలిచి, ఫైనల్లో ఐరిష్ కుర్రాడు ఆడతాడని చెప్పాడు. ఇద్దరి మధ్యా తేడా వెంట్రుకవాసేనట. నీ ఆట మీ నాన్నకంటే ఎవరికి బాగా తెలుసు, ఆయనే అతని పేరు చెప్పారని, ఓదార్పుగా అంకుల్ కొడుకు భుజం తట్టాడు.

ఆ కుర్రాడికి తెలుగు పూర్తిగా అర్థమవుతుంది గానీ నోటినుంచి వచ్చేది మాత్రం కార్క్ ఇంగ్లీషే. తండ్రి దగ్గరికొచ్చి, “డిడ్ యూ, డాడ్?” అన్నాడు.

అంకుల్ మా వైపు చూశాడు. మేం మైదానం చూశాం.

“నువ్వే బాగా ఆడావు నాన్నా. ఇద్దర్లో నువ్వే” అన్నాడు, అందరికీ వినపడేలా.

“టెల్ హిమ్ దట్, సో” అన్నాడు కొడుకు, కోచ్ వైపు చూపిస్తూ.

అంకుల్ వెళ్లి కోచ్‌కి చెప్పాడు. దిష్టి సంగతి కూడా ఇంగ్లీషులో వివరించినట్టున్నాడు, చేతులు గాల్లో మూడుసార్లు తిప్పాడు. కోచ్ అంతా మర్యాదగా విన్నాడు. చోటు పోయాక ఏ తండ్రయినా ఇలాగే అంటాడులే అని నిర్ణయం మార్చలేదు. రెండు గంటలు అబద్ధం నమ్మినవాడు, రెండు నిమిషాల నిజం నమ్మలేదు.

కొడుకు అప్పటికే కారులో కూర్చుని తలుపు లాక్ చేసుకున్నాడు. సన్నటి వానలో అద్దం పక్కన నిలబడి, అంకుల్ ఆ రోజు వాడు వేసిన పాస్‌లు ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. మొదటిది ఎడమవైపు పొడుగాటివాడికి. రెండోది ఇద్దరి మధ్యలోంచి. మూడోది పడిపోతూ కూడా విసిరింది. ఒక్కటీ మర్చిపోలేదు, “యావరేజ్” అన్న మనిషి.

ఆరోదాని దగ్గర తలుపు తెరుచుకుంది. అప్పటిదాకా తియ్యకపోవడం కోపం వల్లో, మిగతావి కూడా వినాలనో, నాకు ఇప్పటికీ అనుమానమే.