మెడ మీది నలుపు

పదిహేనేళ్ళప్పుడు నా మెడ వెనక నల్లటి పట్టీ ఒకటి తేలింది. అది ఎండ దెబ్బేనని మా నాయనమ్మ తీర్పు చెప్పేసింది. ప్రతి ఆదివారం శనగపిండిలో పెరుగు కలిపి నా మెడ తోమేది. మెడ మండేదే గానీ నలుపు కదిలేది కాదు. దాంతో అమ్మ నన్ను ఎండ మొహమే చూడనివ్వలేదు. బడికి ఆటో, మెడ చుట్టూ చున్నీ, ఇంట్లో కిటికీలకు పరదాలు. కూర్చున్న చోటికే మిర్చి బజ్జీలు వచ్చేవి. నేనూ వద్దనలేదు, ఆ మాట దాచను.

మాకు జహీరాబాద్‌లో కందుల వ్యాపారం. కింద దుకాణం, మీద ఇల్లు, ఆపైన కందులు ఎండబోసే డాబా. ఆ డాబా మెట్లెక్కితే నాకు ఆయాసం. మోకాళ్ళు కూడా నొప్పి పెడుతుంటే హైదరాబాద్ దవాఖానకు తీసుకెళ్ళారు. డాక్టరమ్మ ముందు నా మెడ చూసింది. రక్తం తీయించింది, మెడకు స్కానింగ్ చేయించింది.

"ఇది మురికి కాదు, ఎండ కాదు. బరువు పెరిగి ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదు. విటమిన్ డి అడుగంటింది. మెడలో రక్తనాళం గోడ అప్పుడే మందమైంది" అంది. వారానికొకసారి వేసుకోమని పొడి రాసిచ్చింది. "పొడితో డి పెరుగుతుంది. రక్తనాళాన్ని మాత్రం నీ కాళ్ళే బాగు చేయాలి. ఏడాదికి మళ్ళీ చూస్తా."

నాన్నకు నలభై రెండేళ్ళకే గుండెలో స్టెంటు వేశారు. నేనూ అదే దారిలో ఉన్నానన్నమాట.

మా దగ్గర ఎండబోసిన కందులను పాదాలతో తిరగేస్తారు. కాళ్ళీడుస్తూ ఈ చివర నుంచి ఆ చివరికి సాళ్ళు తీస్తూ నడవాలి. సెలవుల్లో ఆ పని నాదే అన్నాను. కింద నుంచి అమ్మ ఒకటే కేకలు: "నల్లగైతవ్ బిడ్డా, కిందికి రా!"

"అయితే అయిత, నువ్వు ఫికర్ చెయ్యకు" అని నేను ఇంకో సాలు తీసేదాన్ని. మొదటి వారం నాలుగు సాళ్ళకే కూలబడ్డాను. బడి తెరిచాక ఆటో మానేసి నడిచాను. బజ్జీల చోట జొన్నరొట్టె వచ్చింది. ఏడ్చిన రోజులూ ఉన్నాయి, బజ్జీల కోసమే.

ఏడాది తిరిగింది. మళ్ళీ దవాఖానలో అదే స్కానింగ్ బల్ల, మెడ మీద అదే చల్లటి జిగురు. డాక్టరమ్మ తెర మీద రక్తనాళాన్ని కొలిచింది. "గోడ మందం తగ్గింది. షుగర్ భయం కూడా లేదు" అంది. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. నేను గెలిచాను! డాబా మెట్లు ఆ రోజు పరుగున ఎక్కాను.

ఆ తర్వాత కోహీర్‌లో పెళ్ళికి వెళ్ళాం. మా మేనత్త నన్ను చూసి ముక్కున వేలేసుకుంది. "అయ్యో, పిల్ల గింత నల్లగైందేంది?"

నేను అలవాటుగా చున్నీ సర్దుకోబోయాను. అమ్మ నా చెయ్యి ఆపింది.

"అవును వదినా, ఎండల తిరిగింది" అంటూ అందరి ముందూ నా జడ పైకెత్తింది. అక్కడి నల్లటి పట్టీ ఎప్పుడో మాయమైంది. "జర గీ మెడ చూడున్రి!"