బొమ్మ నొక్కితే చేరినట్టు

దయ్యాలు, గాలి సోకడాలు నాకు పడవు. మా ఊర్లో ఎవురైనా చెప్తే ఊరికే తలూపి నా పని నేను చేసుకుంటా. ఇప్పుడు కూడా నమ్ముతానని చెప్పడం ల్యా. జరిగింది జరిగినట్టు చెప్తా, అంతే.

మాది రాప్తాడు పక్క పల్లె. నేను అనంతపురంలో ఒక కంప్యూటర్ సెంటర్లో పని చేస్తా. నాయన గొర్రెలు మేపుతాడు. మేపుతాండె అనాలేమో, నాకింకా అట్ల రాదు.

శివరాత్రి దాటితే ఈడ గడ్డీ ఉండదు, నీళ్లూ ఉండవు. మా పక్క గొర్రెలోళ్లు మందలు తోలుకుని వజ్రకరూరు మీదుగా కాలువ దిక్కుకు పోతారు. వానలు మొదలైనాక తిరిగొస్తారు. వాళ్ల కోసం నేనొక బ్లాగు నడుపుతాండా. యాడ నీళ్లుండాయి, యాడ మేత దొరుకుతాది అని రాసి, ఆ చోటికి మ్యాపు లింకు పెడతా. జనం బ్లాగు చూస్తాండారని తెలుస్తాది గానీ, ఏ లింకు నొక్కి బయటికి పోతాండారో తెలిసేది కాదు. ఒకే తొట్టికి రెండు మందలు పోతే కొట్లాటే. అందుకని బయటి లింకుల మీద పడే ప్రతి నొక్కుడూ నాకు కనపడేటట్టు ట్రాకింగ్ కోడ్ పెట్టుకున్నా.

నాయనకు ఫోన్లో మాట్లాడాలంటే చిరాకు. "బాగుండా, పెట్టేయ్" అంటాడు, అయిపోయె. చదువు కూడా రాదు. అందుకని ఆయనొక్కడికే ఒక పేజీ చేసినా. దాంట్లో రాతల్లేవు, దారిలో నీళ్లుండే చోట్ల ఫోటోలే. మా ఇంటి ముందర రాతి తొట్టి, ఊరవతల పాత బావి, చెక్ డ్యాం, వజ్రకరూరు కుంట, కాలువ గట్టు. ఫోటో నొక్కితే మ్యాపు తెరుచుకుంటాది. ఆయనకు మ్యాపెందుకు, కండ్లు మూసుకుని పోగలడు. "యాడికి చేరితే ఆ బొమ్మ నొక్కు నాయనా, నాకు తెలుస్తాది" అని చెప్పినా. ఆ పేజీకి బ్లాగులో యాడా దారి లేదు. దాని అడ్రసు ఆయన ఫోన్లో ఉండాది, నాకు తెలుసు, ఇంకెవురికీ తెల్దు.

పోయేటప్పుడు నొక్కుతానే పోతాడు, వచ్చేటప్పుడు నొక్కుతానే వస్తాడు. ముందటేడు ఇంటికొచ్చినప్పుడు నేను ఎదురుగానే ఉండా. అయినా చెప్పులు విడవకముందే తొట్టి బొమ్మ నొక్కి, "వచ్చినా, చూసుకో" అని నగినాడు.

ఈసారి కాలువ గట్టు మీద ఎండదెబ్బకు పడిపోయినాడు. చేతిలో ఫోను కూడా నీళ్లల్లో పడింది. శవాన్ని టెంపోలో తెచ్చినారు. మా చేన్లోనే పూడ్చినాం. మాలో పోయినోళ్లు వాడుకున్న వస్తువులు వాళ్లతోనే పెడతారు. అమ్మ కంబళి పెట్టింది, వక్కాకు సంచి పెట్టింది, పని చేయని ఆ ఫోను కూడా పెట్టింది. నేను చూస్తానే ఉండా. ఏడుపు రాల్యా. పిల్ల ఏడవల్యా అని జనం చెప్పుకున్నారు. చెప్పుకోనీ అనుకున్నా.

మంద మాత్రం కాలువ దగ్గరే ఉండిపోయింది. నాయనతో పోయిన ఓబులేసు మామ తన గొర్రెలతో పాటు మావీ చూసుకుంటాండాడు. మా ఇంటికి ఆ మందే ఆధారం. అది క్షేమంగా ఇల్లు చేరాల, నా తలకాయలో ఇంకేమీ లేదు.

దినాలు అయినాక సెంటరుకు పోయి, అలవాటుగా ట్రాకింగ్ తెరిచినా. నాయన పేజీలో వజ్రకరూరు కుంట బొమ్మ నొక్కినట్టు ఉండాది. ఆ పొద్దు పడిందే.

భయం వేసిందా అంటే వేయల్యా. ఏమీ అనిపించల్యా. మామకు ఫోన్ చేసినా. ఆయనది బటన్ల ఫోను, దాంట్లో బ్లాగులు రావు. యాడుండావని అడిగితే, "వజ్రకరూరు కుంట కాడ పాపా, ఇంటి దిక్కే వస్తాండాం. మీ నాయన గొర్రెలు నా మాట ఇంటే గదా. వాటిపాటికవే నడుస్తాండాయి" అన్నాడు.

సెంటర్లో మా సారును అడిగినా. ఇంటర్నెట్లో పేజీలన్నీ తిరిగే ప్రోగ్రాములు ఉంటాయి, అవి నొక్కింటాయిలే అన్నాడు. అట్లయితే అన్ని బొమ్మలూ ఒకేసారి నొక్కాల గదా సార్ అన్నా. ఆయన టీ తెప్పించినాడు.

తర్వాత చెక్ డ్యాం. అది ఎండిపోయిందంట, రోడ్డు మీదుగా వస్తానని మామ ముందే చెప్పినాడు. మధ్యాన్నం చూస్తే చెక్ డ్యాం బొమ్మ నొక్కి ఉండాది. సాయంత్రం మామే ఫోన్ చేసినాడు. "ఏం చెప్పాల పాపా, రోడ్డెక్కిచ్చినా దిగి ఆడికే పోయినాయి. పైన వాన పడినట్టుండాది, మోకాటి లోతు నీళ్లు" అన్నాడు. నేను నొక్కుడు సంగతి ఎత్తల్యా. ఎత్తి ఏం చేయాల.

అమ్మకు మాత్రం చెప్పినా. "వస్తాండాడు" అనింది. లేచి పోయి తొట్టి కడగడం మొదలుపెట్టింది.

పాత బావి బొమ్మ మీద కూడా నొక్కుడు పడింది. ఆడినుంచి ఇల్లు ఎంత దూరమని. మరుసటి రోజు నేను పనికి పోల్యా. ఫోన్లో ట్రాకింగ్ తెరుచుకుని అరుగు మీద కూర్చున్నా. పొద్దు వాలే వ్యాళకు దుమ్ము లేసింది, గొర్రెల మెడల్లో గంటలు వినపడినాయి. ఒక్క జీవం తగ్గల్యా. అన్నీ తలకాయలు వంచి తొట్టిలో నీళ్లు తాగినాయి. మామ గోడకు చేరగిలబడి మజ్జిగ అడిగినాడు. అమ్మ చెంబు చేతిలో పట్టుకుని మలుపు దిక్కే చూస్తాండాది.

నేను ఫోను చూస్తానే ఉండా. తొట్టి బొమ్మ మీద నొక్కుడు పడల్యా. గొర్రెలన్నీ దొడ్లోకి పోయినా పడల్యా.

ఆ బొమ్మలు నొక్కిందెవురో నాకు తెల్దు. అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తారు, ఏదీ అతకదు. ఆ పేజీ నేను తీసేయల్యా. సెంటరుకు పోతానే మొదట దాన్నే తెరుస్తా. అన్నీ నొక్కి, మందను గుమ్మం దాకా తెచ్చి, ఆ ఒక్క బొమ్మ నొక్కడానికి ఏమొచ్చింది నాయనా అనుకుంటా. అప్పుడు మాత్రం ఏడుపొస్తాది.