రాణికి ముళ్ళ కళ్ళెం పడనివ్వలేదు

మా చిన్నప్పుడు... వేలూరు దగ్గరి గుడియాత్తంలో పొద్దున్నే రాణి తలకు పట్టీ కట్టడం నా పని. రాణి మా నాయన జట్కా లాగే గుర్రం. నాకప్పుడు పదేళ్ళు. కుడితితొట్టి అంచు ఎక్కినా దాని చెవులు అందేవి కావు... పాపం, అదే తల వంచేది.

బజారులో దొరికే తోలు పట్టీలు నాయనకు నచ్చేవి కావు. చెమటకు తడిసి ఎండితే గట్టిపడి చర్మాన్ని కోస్తాయనేవాడు. మెత్తటి నూలుతాడు తెచ్చి, అమ్మ మగ్గం దగ్గర మిగిలిన లుంగీ పీలికలు చుట్టి తనే కుట్టేవాడు. ముక్కు మీదుగా ఒక వరస, చెవుల వెనగ్గా ఒక వరస, దవడ కింద ముడి. నోట్లో ఇనుము ఉండదు. బండి కట్టేటప్పుడే కళ్ళెం, కొట్టంలో ఉన్నంతసేపూ ఈ పట్టీయే. నీలం గళ్ళ లుంగీగుడ్డలో మా రాణి ఎంత ముద్దుగా ఉండేదో!

ఆ పని కొత్తగా నాకు అప్పగించినప్పుడు నాయన ఒకటే చెప్పాడు.

"పట్టీకీ దవడకీ నడాన రెండు వేళ్ళు దూరాలమ్మా."

రోజూ రెండు వేళ్ళు దూర్చి చూసి మరీ ముడి వేసేదాన్ని.

వారం తిరక్కముందే రాణి దవడ ఒరుసుకుపోయింది. కళ్ళెం తెస్తే చాలు, తల విసిరికొట్టేది. సంగతి తెలిసి పెదనాయన ఇంటికొచ్చాడు. ఆయనదీ జట్కాయే. చేతిలో ముళ్ళ కళ్ళెం... నోట్లో పెట్టే కడ్డీ చుట్టూ ఇనుప మొనలు. లాగితే నాలుక చీరుకుపోవాల్సిందే.

"మొండికేసిందిరా ఇది. ఇదేస్తే దోవకొస్తాది. పొంబళపుళ్ళ చేతికి గుర్రాన్నిస్తే ఇట్లే ఉంటాది. రేపట్నించి ఈ పిల్లని కొట్టంలోకి రానీయాకు!"

ఆడపిల్లల్ని తిట్టాలంటే మా పెదనాయన అరవంలోకి దిగేవాడు లెండి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ముందు అది నీ నోట్లో ఏసుకోని చూడు పెదనాయనా!"

లోపల అమ్మ మగ్గం ఆగిపోయింది.

నాయన నన్ను రాణి దగ్గరికి తీసుకుపోయాడు. పట్టీలో నా వేళ్ళు పెట్టించాడు... రెండూ దూరాయి. తన వేళ్ళు పెట్టాడు... ఒక్కటే దూరింది.

"నేను చెప్పింది నా వేళ్ళమ్మా..."

అప్పుడు ఏడ్చాను. పెదనాయన తిట్టినందుకు కాదు... ఆ పుండు నేను చేసిందే కదా.

నాయన వెనక్కి తిరిగి, "ఆ కళ్ళెం ఎత్తుకోని పో అన్నా. తప్పు గుర్రానిదీ గాదు, బిడ్డదీ గాదు. నేను సరిగ్గా చెప్పలేదు" అన్నాడు. పెదనాయన చూస్తుండగానే పట్టీ విప్పి నా చేతిలో పెట్టాడు. "పుండు మానినాక నువ్వే కట్టు. మూడు వేళ్ళు పెట్టు."

మానేదాకా బండి కట్టలేదు. రాణి బతికినన్నాళ్ళూ దాని నోట్లోకి ముళ్ళు పోలేదు... నేను కొట్టంలోకి పోవడమూ మానలేదు.

ఇప్పుడు వేలూరులో ఉంటున్నాను. వీధి నిండా ఆటోలే, మా ఇంటి పిల్లలు జట్కా ఎక్కి ఎరగరు. ఆ పట్టీ మాత్రం మా హాల్లో మేకుకు వేలాడుతోంది. వచ్చినవాళ్ళంతా "గుర్రం తాడు ఇంట్లో ఏంటి, తీసి పారేయండి" అంటారు. తీయను.

ఇప్పుడు నా వేళ్ళు నాయన వేళ్ళంత అయ్యాయి... కొలిచి కట్టడానికి రాణి లేదు.

ఎవరెన్ని అన్నా మీరు పారేయని వస్తువు మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది... దాని కథ చెప్పండి, వింటాను. నాది తీయమని మాత్రం అనకండి!