పొయ్యి వెలగకూడని ఇల్లు

వీపున మూటలేసుకుని ఇటలీ ఊళ్ళన్నీ కాలినడకన తిరిగేవాళ్ళు దొనాతా గుమ్మానికి మొదట వానవల్ల వచ్చారు. తొమ్మిదేళ్ళ కిందట ఓ నవంబరు సాయంత్రం, తడిసి ముద్దయిన ఇద్దరు కుర్రాళ్ళు చెంప కింద చేతులు పెట్టి, పడుకోను చోటు కావాలని సైగ చేశారు. ఆమె భర్త ఎజీదియో పక్కకి జరిగి దారిచ్చాడు. అప్పట్నించి ఒకరు చెప్పగా ఒకరు వస్తూనే ఉన్నారు.

కొండ మీది ఆ వీధిలో అప్పటికే సగం ఇళ్ళకి తాళాలు. ఎజీదియో నలభై ఏళ్ళు రోడ్లు బాగుచేసినవాడు, జిల్లా దాటి ఎరగడు. వచ్చినవాళ్ళ బూట్లు చూసి ఏ దారిన వచ్చారో చెప్పేవాడు. ఎర్రమట్టయితే ఒక ఊరు, సున్నపు దుమ్మయితే ఇంకో ఊరు. అతను చూడని దేశమంతా బురదై అతని గడప దగ్గరికి వచ్చేది.

ఎజీదియో వాళ్ళమ్మ పోయాక, ఏడాదన్నా తిరక్కుండా ఆవిడ మంచం మీద పరాయివాళ్ళని పడుకోబెట్టారని అతని అక్క ఫిలొమేనా మాటలు మానేసింది. ఆమె ఇల్లు ఇరవై మెట్ల కిందే. ఎనిమిదేళ్ళుగా ఈ రెండిళ్ళ మధ్య ఆ ఇరవై మెట్లూ ఎవరూ ఎక్కలేదు, దిగలేదు.

బుధవారం ఎజీదియో ఊపిరి ఆగింది. గురువారం సమాధి చేశారు.

చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలగదు. వీధివాళ్ళు వండి తెస్తారు. మొదటి కుండ రక్తసంబంధీకులది, అది గడప దాటాకే మిగతావాళ్ళవి. ఇంటావిడ బయటికి వెళ్ళకూడదు, ఆకలని అడగకూడదు. ఫిలొమేనా కుండ వస్తే ఎనిమిదేళ్ళ మౌనం కరిగినట్టు. రాకపోతే, ఈ వీధికి దొనాతా కూడా ఎజీదియోతోపాటే చచ్చిపోయినట్టు.

శుక్రవారం పొద్దున పక్కింటి విటీనా కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది.

"కోడిని కోసింది మీ వదిన."

"ఊరికే అంటున్నావు."

"ఈకలు నా వాకిట్లోకి ఎగిరొస్తుంటే ఊరికే అంటానా? ముసలి కోడి, ఆవిడలాగే. ఉడికేసరికి మధ్యాహ్నం దాటుద్ది."

దొనాతా ఏడ్చి వాచిన ముఖంతోనే చిన్నగా నవ్వింది.

"నా చిక్కుళ్ళ గిన్నె తయారుగా ఉందే," అంది విటీనా. "ఆవిడకంటే ముందు తెచ్చానంటే నన్ను బతకనివ్వదు. ఓర్చుకో."

మధ్యాహ్నం తలుపు చప్పుడైతే కుండే అనుకుంది దొనాతా. వానలో ఓ పిల్ల నిలబడి ఉంది. పేరు ఆంకే, జర్మనీ పిల్ల. ఈ వారం వస్తానని పదిరోజుల కిందట కబురు పెట్టింది. ఎజీదియోయే రమ్మన్నాడు. ఆ సంగతే మరిచిపోయింది దొనాతా. నల్ల శాలువా చూసి పిల్లకి విషయం అర్థమైంది. మూట దించకుండానే దొనాతాని వాటేసుకుని ఏడ్చింది. తడిసిన ఆ జుట్టు వాసనలో, మూడు రోజుల్లో మొదటిసారి, దొనాతా కళ్ళు మూతపడ్డాయి. కుర్చీలో కూలబడి నిద్రపోయింది.

ఉల్లిపాయ వేగుతున్న వాసనకి మెలకువ వచ్చింది.

పొయ్యిలో మంట. పైన పెద్ద గిన్నె. పిల్ల ముఖమంతా మెరుస్తోంది. "మీరు తినలేదు," అంది మాటలు ఏరుకుంటూ. "నేను చేశా."

దొనాతా కిటికీ దగ్గరికి పరిగెత్తింది. మెట్ల మలుపులో ఫిలొమేనా ఆగి ఉంది. గుడ్డ చుట్టిన కుండని పసిబిడ్డలా పొట్టకి హత్తుకుంది. తలెత్తి పొగగొట్టంకేసి చూస్తోంది. వానలో పొగ పైకి పోలేక వీధంతా పరుచుకుంటోంది.

"తమ్ముడు పోయి రెండ్రోజులు కాలేదు, అప్పుడే వంటా?" అంది ఫిలొమేనా, కిటికీ వైపు చూడకుండా, పక్కనున్న విటీనాతో.

"ఆ పరదేశి పిల్లేదో తెలీక చేసుంటది, అక్కా."

"పరదేశి పిల్లలెందుకున్నారు ఆ ఇంట్లో? ఇవాళ కూడానా? దాన్ని పంపెయ్యమను. కుండ దించుతా."

విటీనా కిటికీ కిందికి వచ్చింది. "విన్నావుగా. బస్టాండులో కూచోబెట్టు. వయసులో ఉన్న పిల్ల, చచ్చిపోదులే."

"బస్సు మళ్ళీ రేపే."

"దొనాతా. ఆవిడ కోడిని కోసిందే. ఇంకోసారి కొయ్యదు."

దొనాతా వెనక్కి తిరిగి చూసింది. పొయ్యి పక్కన ఆరబెట్టిన బూట్లు. పిల్ల పాదాలకి పొక్కులు, అక్కడక్కడా చితికి రక్తం కారుతోంది.

"ఎజీదియో ఎవర్నీ వానలోకి పంపలేదు," అంది.

విటీనా ఫిలొమేనాకేసి తిరిగి తల అడ్డంగా ఊపింది. ఫిలొమేనా కుండని ఇంకో చేతికి మార్చుకుని, జారుతున్న మెట్ల మీద ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ దిగిపోయింది. దారిలో ఒక గుమ్మం దగ్గర ఆగి ఏదో చెప్పింది. తర్వాత ఇంకో గుమ్మం దగ్గర. ఆమె కదిలాక ప్రతిచోటా తలుపు వేసుకున్న చప్పుడు పైకి వినిపించింది.

"ఏమైంది?" అంది ఆంకే.

"ఏం లేదు. కూర్చో, తల్లీ."

ఉల్లిపాయ మాడింది, ఉప్పు తగల్లేదు. అయినా దొనాతా ఆబగా తింది. తినగలుగుతున్నందుకు సిగ్గుపడుతూ తింది. తిన్నాక పళ్ళెం ముందుకు జరిపి, ఇంకొంచెం వెయ్యమంది.