పెద్దమ్మ లాగి చూసిన తీగ

మా పెద్దమ్మ దర్జీ. తాను కుట్టిన కుట్టునైనా సరే, రెండు చేతులా లాగి చూస్తే గానీ నమ్మదు. ఇక మనుషుల సంగతి సరేసరి.

కుట్టుమిషన్ పక్కనున్న కంప్యూటర్‌కి వైఫై కార్డు పెట్టడానికి మెకానిక్ వచ్చిన రోజున ఆమె పని పక్కన పడేసి, కళ్లజోడు పైకి తోసుకుని అతని వెనకే కాపలాగా నిలబడింది. అతను సీపీయూ మూత విప్పి, కార్డును గాడిలో నొక్కి స్క్రూ బిగించాడు. దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు.

"లోపలి ముక్కలేవీ జేబులో వేసుకోలేదుగా?" అంది పెద్దమ్మ.

నాకు తల కొట్టేసినట్టయింది. "ఊరుకో పెద్దమ్మా!" అన్నాను.

అతను వీడియో పెడితే తెర మీద ఆగకుండా ఆడింది. "చూశారా అమ్మా, ఇక ఇంటర్నెట్ తీగతో పని లేదు," అంటూ మెకానిక్ సంచి సర్దుకున్నాడు.

పెద్దమ్మ వంగి, కంప్యూటర్ వెనక ఇంకా తగిలించే ఉన్న పాత తీగను పట్టుకుని లాగేసింది. వీడియో ఉన్నచోటే ఆగిపోయింది.

మెకానిక్ ముఖం మాడిపోయింది. కార్డుకు బిగించాల్సిన యాంటెనాలు అట్టపెట్టెలోనే ఉన్నాయి. మర్చిపోయాడో, మరేమిటో! అవి బిగించి, పాస్‌వర్డ్ కొట్టాక వీడియో తీగ లేకుండానే కదిలింది.

అతను వెళ్లగానే పెద్దమ్మ ఆ తీగను చుట్టచుట్టి బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఇంకా అదెందుకు? వైఫై వచ్చిందిగా!" అన్నాను.

"తీగైతే తెగిన చోటు కంటికి కనబడేది. ఇది తెగితే ఎక్కడ వెతకమంటావు?"

పెద్దమ్మ బీరువా తాళాన్ని ఒకసారి లాగి చూసింది. నేనేం చెప్పినా ఆమె నమ్మదు.