నాలుగు కొమ్మల దూరం

జర్మనీ యుద్ధంలో విమానాలు నడిపిన సర్వే దొర దగ్గర పాంగి బుద్ర కొలతగొలుసు మోసేవాడు. ముంచింగిపుట్టు మకాంలో ఉండగా, కొండలవతల తన పల్లెలో కూతురు సుక్రికి చలిజ్వరం ముదిరిందని ఒక ఉదయం కబురొచ్చింది. గుమస్తా అప్పలస్వామిని ఆ జ్వరానికిచ్చే కొయినా బిళ్ళలూ, సెలవూ అడిగాడు.

“ఎంత దూరమేటిరా?”

“నాలుగు కొమ్మలు బాబూ.”

పచ్చికొమ్మ విరిచి చేతపట్టి నడిస్తే, ఆకు వాడేసరికి ఒక కొమ్మ దూరం. ఆ కొండల్లో లెక్క అదే.

“కొమ్మలేటిరా, కోతిలాగ!” గుమస్తా నవ్వి, పటం మీద కొలబద్ద పెట్టి, మకాం నుంచి పల్లెకు గీత గీశాడు. “తిన్నగా తొమ్మిది మైళ్ళు. దొరగారి ఇమానమైతే ఏడు నిమిషాలు. ఇవిగో బిళ్ళలు. రేపు పొద్దున్నకి వచ్చీ. బేగి ఎల్లు.”

తెలిసిన దారి చుట్టుతిరుగుడు, పొద్దుగూకేసరికి గాని ఇల్లు చేర్చదు. దొరల కాగితం అబద్ధమాడదనుకుని, బుద్ర జన్మలో మొదటిసారి దారి వదిలి, ఆ గీత పోయినవైపే నడిచాడు. మూడో కొమ్మ వాడేవేళకి పెద్ద లోయ అడ్డొచ్చింది. గీతకు దిగే పనిలేదు. మనిషికి దిగే చోటులేదు. వచ్చినదంతా వెనక్కి నడిచి పాత దారి పట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి భార్య మంగ్లి గుమ్మంలో ఒక్కతే కూర్చుని ఉంది.

“పొద్దున్నదాకా నీకోసం సూసింది,” అంది. “ఇప్పుడే కప్పెట్టీసి ఒచ్చినాం.”

బుద్ర ఆమె చేతిలో బిళ్ళలు పెట్టాడు. వాటినేం చెయ్యాలో ఆమెకూ తెలియలేదు.