మూడో గేరు మూలుగు

తిరువూరు బస్టాండు దగ్గర ఆయిళ్ళూ లారీ సామాన్లూ అమ్మే కొట్టులో కూర్చుని నా జుట్టు తెల్లబడింది. ఇన్నేళ్ళలో పాత లారీ గేర్‌బాక్సులో ఏ ఆయిల్ పోయాలని నన్ను అడిగిన మనిషి ఒక్కడూ లేడు. వస్తారు, వేలుతో డబ్బా చూపిస్తారు, అది ఇవ్వమంటారు, పోతారు. నేను చెప్పబోతే "తెలుసులెండి" అంటారు. తెలియదు. తెలిసినవాడు వేలు చూపించడు, బండి ఎప్పటిదో చెబుతాడు. ఈ సంగతి లారీల వాళ్ళ మీటింగులో లేచి నిలబడి చెప్పాను. మధ్యలో మైకు తీసేసుకున్నారు. తీసుకున్నది ఎవరో నాకు గుర్తుంది, ఆయన ఇప్పటికీ నా కొట్టు ముందునుంచి వెళ్ళేటప్పుడు అటువైపు తిరిగి నడుస్తాడు. ఇంట్లోనూ చెప్పాను. మా ఆవిడ ఒక్కతే చివరిదాకా వింటుంది, వింటున్నంతసేపూ చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ ఉంటుంది. అలాంటిది మొన్న మామిడికాయల రోజుల్లో పెనుగొలను రైతు ఒకాయన కొట్టు మెట్ల దగ్గర చెప్పులు విడిచి మరీ లోపలికొచ్చి, "ఈ బండి గేర్‌బాక్సులో ఏ ఆయిల్ పొయ్యమంటారండీ?" అని అడిగాడు. నేను సంతోషించాల్సిన రోజు అది. కాని ఆయనకంటే ముందు ఆయన బండి చప్పుడు నా చెవిన పడింది.

అది మా బావ లారీ. బావ అంటే మా అక్కయ్య భర్త. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ లారీ మూడో గేరులో మూలిగేది. ఇంజను చప్పుడు కాదు, దాని కిందనుంచి వచ్చేది, జ్వరంలో ఉన్న మనిషి పక్క మార్చుకునేటప్పుడు తీసే మూలుగులాంటిది. ఆ రోజు గంపలగూడెం రోడ్డు వైపునుంచి ఆ మూలుగు దగ్గరకొస్తుంటే నేను తూకం వేస్తున్న గ్రీజు అలాగే వదిలేసి లేచి నిలబడ్డాను. లారీ కొట్టు ముందు ఆగింది. తలుపు తెరుచుకుని ఎవరో కాలు కింద పెట్టేదాకా ఆ తలుపునే చూస్తూ ఉన్నాను. దిగింది ఈ రైతు. బావ పోయాక అక్కయ్య ఆ బండిని ఎవరికీ ఇవ్వలేదు, నడపనివ్వలేదు. దొడ్లో రేకుల షెడ్డు కింద పట్టా కప్పి ఉంచింది. ఈ మధ్య షెడ్డు కూలేలా ఉందని అమ్మేసిందట. కొన్నాయన టైర్లు మార్చాడు, ఇంజను విప్పించాడు, గేర్‌బాక్సు మాత్రం ముట్టుకోలేదు. "మూలుగుతోందండీ, ఆయిల్ మారుద్దామని. అమ్మగారిని అడిగితే, మా తమ్ముణ్ణి అడగండి, ఆ సంగతి వాడికే తెలుసన్నారు," అన్నాడు. అక్కయ్య అలా అన్నదంటే నేను వెంటనే నమ్మలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు ఆయిల్ సంగతి. ఇన్నాళ్ళకు అడిగారు కాబట్టి చెప్పేదాకా వదలను. లారీ కింద గేర్ల ఆయిల్ ఉండేది రెండు చోట్ల. ముందు గేర్‌బాక్సు, వెనక చక్రాల మధ్య క్రౌన్. ఆయిల్ చిక్కదనాన్ని నంబరుతో చెబుతారు, తొంభై పల్చన, నూట నలభై చిక్కన. వెనక క్రౌన్‌లో పెద్ద పెద్ద ఉక్కు పళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటూ తిరుగుతాయి కనక దానికి చిక్కటి ఆయిల్, అందులో ఘాటైన మందు కలిపింది కావాలి. డబ్బా మీద జి.ఎల్. ఫైవ్ అని ఉంటుంది. మూత తీస్తే కుళ్ళిన కోడిగుడ్డు కంపు. ఉక్కుకి ఆ మందు మంచిదే. కాని పాతకాలం గేర్‌బాక్సుల్లో గేరు మారేటప్పుడు పళ్ళు కొట్టుకోకుండా ఇత్తడి రింగులుంటాయి. ఆ మందు ఇత్తడిని నల్లగా మార్చి, మెల్లగా తినేస్తుంది. పాత బండికి జి.ఎల్. ఫోరే పోయాలి, అందులో మందు తక్కువ. మనవాళ్ళేమో నాలుగుకంటే ఐదు పెద్దది కాబట్టి ఐదే గొప్పదనుకుంటారు, ఒకే డబ్బా కొని ముందూ వెనకా పోసేస్తారు. ఇంతే విషయం. దీనికోసమే నాకూ మా బావకూ మాటలు పోయాయి.

బావకి డ్రైవర్ని పెట్టుకునే తాహతు ఉంది. కాని స్టీరింగు ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. పత్తి బోరాలూ ధాన్యం బస్తాలూ వేసేవాడు, ఎండాకాలం వస్తే మామిడికాయల కింద వరిగడ్డి పరిచి విజయవాడ తోలేవాడు. ఆ సీజనంతా ఆయన చొక్కాలో మామిడి సొన వాసన, గడ్డి నలుసులు. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. బావమరిదిని ఏడిపించడం తన జన్మహక్కు అన్నట్టు ఉండేవాడు. లారీ మూలగడం మొదలుపెట్టినప్పుడు నేనే వెళ్ళి చెప్పాను. బావా, నువ్వు వెనక పోసేదే ముందూ పోస్తున్నావు, రింగులు పోతున్నాయి, ఆ మూలుగు అదే, జి.ఎల్. ఫోర్ పొయ్యి అన్నాను. ఆయన నా భుజం తట్టి, "బామ్మర్దీ, లారీ మూలుగుతోంది గానీ ఆగట్లేదుగా. నువ్వు మూలగటం ఆపు ముందు" అన్నాడు. అదైనా పడ్డాను. పడలేనిది మా మేనకోడలి ఓణీల ఫంక్షన్లో జరిగింది. బంతి మధ్యలో నా విస్తరి దగ్గరికి వడ్డించే మనిషి వస్తుంటే, ఆ చివరనుంచి బావ అరిచాడు. "ఒరేయ్, మా బామ్మర్దికి ఊరికే పొయ్యకండ్రా! చారంటే తొంభై నంబరు, సాంబారంటే నూట నలభై. గ్రేడు చూపించి పొయ్యండి, లేకపోతే కడుపులో రింగులు పోతాయి!" బంతంతా నవ్వింది. చుట్టాలు నవ్వారు, పురోహితుడు నవ్వాడు, సాంబారు బకెట్టు పట్టుకున్నవాడు నవ్వుతూ నా విస్తట్లో సగం పోసి సగం నా పంచె మీద పోశాడు. నేను పెరుగు దాకా ఆగకుండా లేచి చెయ్యి కడుక్కున్నాను. ఆ పంచె మరక పోలేదు. పోనివ్వలేదు కూడా, దాన్ని మా ఆవిడ గుడ్డపీలికలకు వాడబోతే తీసి బీరువాలో పెట్టాను.

ఆనాటినుంచి నేను ఆయనతో మాట్లాడలేదు. అక్కయ్యని చూడటానికి వెళ్ళేవాణ్ణి, అరుగు మీదే కూర్చునేవాణ్ణి, కనకాంబరాల కుండీల పక్కన. బావ లోపల వాలుకుర్చీలో ఉండేవాడు, కిటికీలోంచి ఆయన కాలి బొటనవేలు ఊగుతూ కనిపించేది. "మీ ఆయన్ని నా ఆయిల్ పొయ్యమను, లేకపోతే బండి నడిరోడ్డు మీద ఆగుతుందని చెప్పు" అనేవాణ్ణి. అక్కయ్య లోపలికెళ్ళి, "తమ్ముడు మీ ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నాడండీ" అనేది. నాకు వినపడేది. అటునుంచి ఆయనేదో అంటే బయటికొచ్చి, "బావ నిన్ను భోంచేసి వెళ్ళమంటున్నారు" అనేది. ఆయన అలా అనలేదని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. నాకూ బావకూ మధ్య ఎన్ని మాటలు తిరిగాయో, వాటిలో ఒక్కటీ మా ఇద్దరిదీ కాదు.

ఇంకొకటి చెప్పాలి, మనసులో పెట్టుకోండి. నా కొట్టు ముందు రోడ్డు తిన్నగా ఉంటుంది. వంపు లేదు, ఎత్తు లేదు, అప్పట్లో స్పీడ్‌బ్రేకర్ కూడా లేదు. అక్కడ గేరు దించాల్సిన పనిలేదు. కాని బావ వచ్చిన ప్రతిసారీ, సరిగ్గా నా కొట్టు మెట్లకి ఎదురుగా, నాలుగునుంచి మూడుకి దించేవాడు. మూలుగు నా గల్లాపెట్టె మీదికి వచ్చి పడేది. నేను తలెత్తేవాణ్ణి కాదు. విన్నావా, నువ్వు చెప్పింది నేను చెయ్యలేదు, చూడు అని ఎగతాళి చేస్తున్నాడనుకునేవాణ్ణి. పక్కకొట్టు చెట్టిగారు, "మీ బావగారు పలకరిస్తున్నారండోయ్" అనేవారు. ఆయనతోనూ కొన్నాళ్ళు మాట్లాడలేదు.

ఒక ఎండాకాలం విజయవాడలో కాయలు దింపుతూ ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. లేవలేదు. లారీని వేరెవరో తోలుకొచ్చారు. వాళ్ళు నా కొట్టు ముందు గేరు మార్చలేదు, టాప్ గేరులో గుమ్మం ముందునుంచి చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. అప్పుడే నాకు తెలిసింది లోపల ఆయన లేడని. పాడె నేనూ మోశాను. మాట్లాడలేదు. క్షమాపణ ఆయన చెప్పాలి, నేను కాదు, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కాని ఆ తర్వాత చాలా మధ్యాహ్నాలు, కొట్టులో ఎవరూ లేనప్పుడు, గంపలగూడెం రోడ్డు వైపునుంచి ఆ మూలుగు వినపడేది. తలెత్తేవాణ్ణి. ఎండ, దుమ్ము, షేర్ ఆటోలు. బండేమో అక్కయ్య దొడ్లో పట్టా కింద ఉండేది, నాకది తెలుసు.

పెనుగొలను ఆయనతో కలిసి నేనూ మెకానిక్ షెడ్డుకి వెళ్ళాను. ఆయన వద్దన్నా వెళ్ళాను. రింగుల సంగతి తేలాలి నాకు. నల్లగా గుంటలు పడ్డ ఇత్తడి చేతిలో పట్టుకుని, అందరికీ చూపించి, ఇదిగో అనాలి. మెకానిక్ కింద బేసిను పెట్టి బోల్టు వదులు చేశాడు. ఆయిల్ జారింది. నేను వంగి వాసన చూశాను. కంపు లేదు. పాతబడిన ఆయిల్ వాసనే, అంతే. బేసినులో వేలు ముంచి మళ్ళీ చూశాను. ఘాటు ఆయిల్ ఎన్నాళ్ళున్నా ఆ కోడిగుడ్డు కంపు వదలదు. గేర్‌బాక్సు విప్పి, రింగులు ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు. చింతపండు పెట్టి తోమిన పూజ సామానులా పచ్చగా ఉన్నాయి. గుంట లేదు, నలుపు లేదు.

"ఎవరో గానీ బాగా చూసుకున్నారండీ దీన్ని," అన్నాడు మెకానిక్. "వీటికి పొయ్యాల్సిందే పోశారు."

"మరి మూలుగు?" అన్నాను.

మూడో గేరు చక్రం తీసి నా చేతిలో పెట్టాడు. పళ్ళు అరిగి, అంచులు కత్తిలా ఉన్నాయి. "ఇవి ఎప్పుడో పోయాయండీ. ఏ ఆయిల్ పోసినా ఇది మూలగాల్సిందే."

"రింగులు చూడవయ్యా నువ్వు, పళ్ళ సంగతి తర్వాత," అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను, రైతు రెండడుగులు వెనక్కి వేశాడు. కాని నా చేతిలో ఉన్నది పళ్ళ చక్రమే. కింద పెట్టలేకపోయాను.

అక్కడినుంచి తిన్నగా అక్కయ్య ఇంటికి వెళ్ళాను. అరుగు మీద ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాను. కనకాంబరాల కుండీలంటే అవి కుండీలు కావు, సగానికి కోసిన ఆయిల్ డబ్బాలు. సున్నం కొట్టి జాజు చారలు పెట్టినవి. ఎన్నిసార్లు వాటి మీద చెయ్యి ఆనించి కాఫీ తాగానో. ఒకదాని మీద సున్నం పొలుసులు లేస్తోంది. గోటితో గీకాను. జి.ఎల్. అని వచ్చింది, దాని పక్కన నాలుగు. ఇంకోదాన్ని గీకాను. అదీ నాలుగే. మూలన అంటించిన కొట్టు చీటీ విజయవాడది. నా కొట్టులో అదే ఆయిల్, అదే డబ్బా, ఎప్పుడూ ఉండేది. నా దగ్గర కొంటే నాకు తెలిసిపోతుందని విజయవాడ నుంచి తెచ్చుకున్నాడు. ఇది వేరే లెక్క, దీన్ని కూడా నేను మర్చిపోను.

అక్కయ్య కాఫీతో వచ్చి నా గోళ్ళ కింద సున్నం చూసింది.

"మొక్కల్నేం చేస్తున్నావురా?"

"బావ నేను చెప్పిందే పోసేవాడా?"

"ఇప్పుడా అడగటం?"

"నాకెందుకు చెప్పలేదే?"

"మాట్లాడితేగా చెప్పటానికి. గోడకి చెబుతారా?" అని, గ్లాసు నా పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "మూలుగు పోయాక నేనే వెళ్ళి చెబుతానన్నారు. పోలేదుగా."

ఆ మాట బాగుంది. ఎంత బాగుందంటే, నేను నమ్మలేకపోయాను. నాకూ బావకూ మధ్య జీవితమంతా చేదు తీసేసి మాటలు మోసిన మనిషి ఆవిడ. ఇది కూడా వాటిలో ఒకటి కాదని ఎలా చెప్పను? ఆయిల్ పోసినా మూలుగు పోలేదని తెలిస్తే నా పరువు పోతుందని ఆయన దాచి ఉండొచ్చు. బామ్మర్ది మాట విన్నానని తెలిస్తే తన పరువు పోతుందనీ దాచి ఉండొచ్చు. ఆయన నవ్వు తెలిసినవాణ్ణి కాబట్టి రెండూ నాకు నిజంలాగే వినిపిస్తాయి.

ఆ రైతుకి జి.ఎల్. ఫోర్ పోయించాను, నా కొట్టులోదే. మూడో గేరు చక్రం కూడా కొత్తది వేశారు. మొన్న సాయంత్రం కొట్టు ముందునుంచి గడ్డి లోడుతో ఒక లారీ వెళ్ళింది. నేను రసీదు రాస్తూ తలెత్తలేదు. అది మలుపు తిరిగాక, రోడ్డు మీద రాలిన గడ్డి చూసి, ఏదో అనుమానం వచ్చి మెట్లు దిగి చూశాను. వెనక తలుపు మీద బావ వేయించుకున్న పువ్వు బొమ్మ, దూరంగా వెళ్ళిపోతోంది. మూలుగు లేదు. ఇక ఎప్పుడూ ఉండదు. ఈ ఊళ్ళో ఆయన గొంతు అనదగ్గది ఒక్కటే మిగిలింది, దాన్ని నేను దగ్గరుండి బాగుచేయించాను.

మాట్లాడుకోని ఏళ్ళు గడిచిపోతాయనుకుంటాం. పోవు. పట్టా కప్పిన బండిలా ఎక్కడో నిలబడే ఉంటాయి, లోపల పోసినదంతా లోపలే పెట్టుకుని. సరే, పంతం నాదే అనుకో, ముందుగా నేనే మాట్లాడుతున్నాను. విను బావా. కొట్టు ముందు రోడ్డు తిన్నగా ఉంటుంది, ఎత్తు లేదు, వంపు లేదు. సరిగ్గా నా మెట్ల ఎదురుగా మూడో గేరులోకి ఎందుకు దించేవాడివి? ఏడిపించడానికా, పిలవడానికా? అక్కయ్యతో చెప్పించకు. నువ్వే చెప్పు.